మెతుకు పట్టుటకు ముందు

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు గిన్నెలోని మెతుకులన్నింటిని నలిపి చూడనక్కరలేదనియు, ఒక్క మెతుకు పట్టి చూచిన చాలుననియు మన యిండ్లలో పెద్దవారు చెప్పుదురు. శాస్త్రకారులు దీనికే స్థాలీపులాకన్యాయమని పేరిడిరి. అయితే ఈ న్యాయమును ఉదాహరించునప్పుడు మనము తరచుగా మరచిపోవు సంగతి యొకటి కలదు. మెతుకును అడుగునుండి తీయవలెనో పైనుండి తీయవలెనో, ఎసరు ఎంత యింకిన పిమ్మట తీయవలెనో, వ్రేళ్లనడుమ అది ఎట్లు నలిగినచో ఉడికినట్లో వంట నేర్చిన యిల్లాలికి ముందే తెలియును. ఎన్ని నాళ్ల అన్నము మాడినపిమ్మట, ఎన్ని పూటల అన్నము పలుకుగా దిగినపిమ్మట ఆమెకు ఆ తెలివి అబ్బినదో ఎవరును లెక్కవేసియుండరు. ఆ తెలివి లేనివాని చేతిలో మెతుకు ఏమియు చెప్పదు. పెద్ద పరిశోధనకు పూనుకొనుటకు ముందు జరుపు చిన్న పరీక్ష, నేడు పైలట్ పరిశీలన యని పిలువబడుచున్నది, ఈ తెలివిని సంపాదించుకొనుటకై ఏర్పడినది. అన్నము సంగతి చెప్పుట దాని పని కాదు. మెతుకును పట్టుట ఎట్లో నేర్పుట దాని పని. ఈ భేదము తెలియకపోవుటవలన ధనమును కాలమును వ్యర్థమైన పరిశోధనలు అనేకము కలవు గనుక దీనిని కొంత విపులముగా చెప్పదలచితిని.

క్రొత్త వరివంగడము చేతికి వచ్చినప్పుడు తెలివిగల రైతు తన పొలమంతయు దానితో నింపడు. ఒక మడిలో వేసి చూచును. ఆ మడియొక్క దిగుబడిని బట్టి ఎకరాల పంట ఇంత యని గుణించుకొని సంతోషించుటకంటె, ఆ వంగడము నీటి నెంత కోరుచున్నది, ఎప్పుడు పొట్టకు వచ్చుచున్నది, ఏ తెగులు దానిని ముందుగా పట్టుచున్నది, గాలికి పడిపోవుచున్నదా నిలుచుచున్నదా అని గమనించుట ఆతనికి ముఖ్యము. మరుసటి యేడు వ్యవసాయము ఆ గమనికలపై నడచును. ఇదే మర్యాదను శాస్త్రీయముగా, లెక్కలతో, ఒక రాష్ట్రమంతటికి విస్తరింపజేసిన చరిత్ర మన దేశముననే జరిగినది. అది వంగదేశపు జనపనార పొలములలో 1937లో మొదలైనది.

ఆ కాలమున ప్రపంచమున పండు జనపనారలో అధికభాగము వంగదేశముననే పండుచుండెను. హుగ్లీ తీరమునందలి మిల్లులు, స్కాట్లండులోని డండీ నగరపు మిల్లులు ఆ నారపై ఆధారపడి బ్రదుకుచుండెను. ఏ యేటి కాయేడు ఎన్ని ఎకరములలో జనపనార వేసిరో, ఎంత దిగుబడి రాగలదో ముందుగా తెలిసినవానికి బజారున లాభము. తెలియనివానికి, అనగా పండించిన రైతునకు, నష్టము. అయినను ఆ లెక్క నమ్మదగినదిగా లేకుండెను. మన రైత్వారీ జిల్లాలలో కరణము ఏటేట పొలము చూచి ఏ సర్వే నంబరులో ఏ పైరున్నదో అడంగలులో వ్రాయుచుండగా, 1793 నాటి శాశ్వత బందోబస్తు క్రింద జమీందారుల పరమైన వంగదేశమున అట్టి గ్రామోద్యోగి లేడు. ప్రభుత్వమునకు శిస్తు మారదు గనుక పైరు లెక్క వ్రాయవలసిన అవసరము దానికి కలుగలేదు. అందుచేత జనపనార విస్తీర్ణమును గూర్చిన అంచనాలు చాలవరకు కంటిచూపు మీదను, వినికిడి మీదను కట్టినవిగానే యుండెడివి.

ఈ చిక్కును విడదీయుటకు పూనుకొన్నవాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన వృత్తిచేత భౌతికశాస్త్రోపాధ్యాయుడు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో పాఠములు చెప్పుచుండెను. కేంబ్రిడ్జిలో చదువు ముగించుకొని 1915లో స్వదేశమునకు బయలుదేరు సమయమున, యుద్ధము కారణముగా ఓడ ఆలస్యము కాగా, ఆ తీరిక దినములలో గ్రంథాలయమున బయోమెట్రికా యను పత్రిక సంపుటములు ఆయన కంటబడినవి. ఆ సంపుటములే ఆయనను గణాంకశాస్త్రమునకు మరల్చినవి. ఆ కళాశాలలోని ఒక గదిలో ఆరంభమైన కృషి 1931 డిసెంబరులో భారత గణాంకశాస్త్ర సంస్థగా రూపుదాల్చెను. ఒక చిన్న గదిలో, తక్కువ ధనముతో, మొదలుపెట్టిన సంస్థ గనుకనే కాబోలు, చిన్నగా మొదలుపెట్టి నేర్చుకొనుచు పెద్దదగుట యను సూత్రము ఆ సంస్థ స్వభావములో ఇమిడిపోయినది.

ఉద్దేశము సులభముగా చెప్పవచ్చును. ప్రతి గ్రామమునకు పటము కలదు. అందులో ప్రతి కమతమునకు సంఖ్య కలదు. ఆ పటములపై చీట్లు తీసినట్లు, ఎవరి ఇష్టానిష్టములతోను నిమిత్తము లేకుండ, అచ్చటచ్చట చదరపు గళ్లను గుర్తించి, ఆ గళ్లలో పడిన కమతములకు మాత్రము మనుష్యులను పంపి, ఏ పైరున్నదో వ్రాయించి, దానినుండి రాష్ట్రమంతటి విస్తీర్ణమును గణించుట. కమతములు కోట్ల కొలదిగా నుండగా అన్నింటిని చూడబోక, ఈ కొలదివానిని చూచుట. ఇంతవరకు స్థాలీపులాకమే.

కాని గడి ఎంత పెద్దది కావలెను? ఎన్ని గళ్లు కావలెను? గళ్లు చిన్నవై పెక్కైనచో, రాష్ట్రము నలుమూలలను అవి బాగుగా చుట్టివచ్చును. అయితే పరిశీలకుని దినములో అధికభాగము ఒక గడినుండి మరియొక గడికి నడుచుటలోనే గడచిపోవును. గళ్లు పెద్దవై కొలదియైనచో నడక తగ్గును. కాని ఇరుగుపొరుగు కమతములు ఒకదానినొకటి పోలియుండుట సహజము గనుక, ఒక చోటనే పదింటిని చూచినను రెండింటిని చూచినంత జ్ఞానమే దక్కును. ఈ రెంటికి నడుమ ఎచ్చట ఆగవలెనో కలకత్తాలో బల్ల ముందు కూర్చున్నవానికి తెలియదు. పొలములు ఒకదానినొకటి ఎంతవరకు పోలియుండునో, గట్టుల మీద మనుష్యుడు దినమునకు ఎంత నడువగలడో, పటములోని కమతమును నేలపై గుర్తించుటకు ఎంతసేపు పట్టునో, ఈ మూడును తెలిసిననాడు గాని లెక్క మొదలుకాదు. ఆ మూడింటిని పొలమే చెప్పవలెను.

అందుచేత మహలనోబిస్ భారత కేంద్ర జనపనార సంఘము ఇచ్చిన ధనముతో 1937లో స్వల్పప్రదేశమున పని మొదలుపెట్టి, ప్రతి సంవత్సరము కొంచెము కొంచెముగా విస్తరింపజేయుచు, 1941 నాటికి గాని వంగరాష్ట్రమంతటిని చుట్టలేదు. నడుమ గడచిన ఆ నాలుగేండ్లను నేను మిక్కిలి గౌరవముతో చూచుచున్నాను. తొందరపడువారికి అవి ఆలస్యముగా కనబడును. కాని ఆ యేండ్లలో ఆయన పైరును మాత్రమే గాక, పైరును లెక్కించు మనుష్యులను సైతము లెక్కించెను. పరిశీలకుని కాలములో నడకకు ఎంత, కమతమును వెదకుటకు ఎంత, వ్రాతకు ఎంత, తిరిగి కార్యాలయమున ఆ వ్రాతలను కూడుటకు ఎంత అని విడివిడిగా పట్టీ వేయించెను. ఆ పట్టీలనుండి, గడి పరిమాణమును బట్టి వ్యయము ఎట్లు మారునో ఒక సూత్రమును, తప్పు ఎట్లు మారునో మరియొక సూత్రమును కట్టి, ఇంత ధనముతో అత్యంత కచ్చితమైన ఫలితము ఏ విధమున దక్కునో నిర్ణయించెను. ఈ కృషినంతయు 1944లో లండను రాయల్ సొసైటీ వారి పత్రికలో ప్రకటించిన దీర్ఘవ్యాసమున వివరించెను. ఆ మరుసటి యేడు ఆయన ఆ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యెను.

చిన్న పరీక్షలు బయటపెట్టిన రహస్యములలో నా మనస్సునకు మిక్కిలి హత్తుకొన్నది వేరొకటి. ఒకే ప్రాంతమున రెండు వేరువేరు నమూనాలను, ఒకదానితో నొకటి పెనవేసికొనునట్లుగా, ఏర్పరచి, వానిని రెండు వేరువేరు బృందములకు అప్పగించినచో, రెండు లెక్కలును ఇంచుమించు సరిపోవలెను. సరిపోనిచో, ఆ తేడాలో కొంత అదృష్టవశమున కలిగినదే అయినను, అది మితిమీరినప్పుడు తప్పు పొలములో లేదు, లెక్కించిన మనుష్యులలో ఉన్నది. ఈ యుక్తివలన, నమూనా చిన్నదగుటచేత కలుగు తప్పు ఒకటి, మనుష్యుల అశ్రద్ధచేతను పొరపాటుచేతను కలుగు తప్పు ఒకటి యని రెండు తప్పులను విడదీసి చూచుట సాధ్యమైనది. నమూనాను ఎంత పెంచినను రెండవ తప్పు తగ్గదు. పైగా తరిఫీదు లేని మనుష్యులను ఎక్కువమందిని నియమించవలసివచ్చుటచేత పెరుగవచ్చును. పెద్దది అయినంతమాత్రమున నమ్మదగినది కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

దిగుబడిని తెలిసికొనుటకు పొలమున ఒక చిన్న తుండును గుర్తించి కోసి తూచు పద్ధతిలోను ఇట్టి పాఠమే లభించెను. కోయు తుండు మరీ చిన్నదైనచో దిగుబడి అసలుకంటె ఎక్కువగా వచ్చుచుండెను. దీనికి హేతువు విచారించగా తెలిసినది మిక్కిలి సామాన్యమైన సంగతి: హద్దుమీద నిలిచిన మొక్క లోపలిదా వెలుపలిదా యను సందేహము వచ్చినప్పుడు, కోయువాని చేయి దానిని లోపలికే చేర్చును. తుండు చిన్నదైనకొలది హద్దుమీది మొక్కల పాలు పెరుగును. ఎవరును అబద్ధమాడలేదు, ఎవరును దొంగిలింపలేదు. అయినను అంకె తప్పు. ముందుగా పరీక్షింపక దేశమంతట ఇట్టి చిన్న తుండులనే కోయించియుండినచో, ఉన్నదానికంటె ధాన్యము ఎక్కువగా ఉన్నదని ప్రభుత్వము నమ్మియుండెడిది. కరవు కాలమున అట్టి నమ్మకము ఎంతటి కీడు చేయునో ఊహింపవచ్చును.

ఇప్పుడు కొంత గణితము. పాఠకులు భయపడవలదు; గుణకారము వచ్చిన చాలును. నమూనాను నాలుగు రెట్లు చేసినచో తప్పు సగమగును. ఇది గణాంకశాస్త్రమునందలి మూలసూత్రము. కనుక ఎంత నమూనా కావలెనన్న ప్రశ్నకు, కొలువబోవు వస్తువులో హెచ్చుతగ్గు లెంతగా నున్నవో తెలిసిననే తప్ప ఉత్తరము లేదు. ఒక ఊరి పొలముల దిగుబడులు సగటునకు అటునిటు 20 పాళ్లు ఊగుచున్నవనుకొందము. మనకు తప్పు 1 పాలు మాత్రమే ఉండవలెనన్నచో, 20ని 20చే గుణించి 400 పొలములను చూడవలెను. అవే దిగుబడులు 40 పాళ్లు ఊగుచున్నచో 1600 కావలెను. 400లతో సరిపుచ్చుకొన్నవాని శ్రమ చాలదు. అవసరము 400 కాగా 1600 చూచినవాని ధనము దండుగ. ఆ ఊగిసలాట 20దో 40దో ముందుగా తెలియుటకు చిన్న పరీక్ష తప్ప వేరు త్రోవ సాధారణముగా ఉండదు.

అయితే చిన్న పరీక్ష మాటను కూడ తూచి నమ్మవలెను. కేవలము పది కొలతలు తీసి, వానినుండి ఊగిసలాట ఇంత యని నిర్ణయించితిమనుకొందము. గణితము చెప్పునదేమనగా, అసలు ఊగిసలాట మనకు కనబడినదానికి 0.7 రెట్లనుండి 1.8 రెట్ల వరకు ఎచ్చటనైనను ఉండవచ్చును. పొలముల సంఖ్యలోనికి మార్చినచో, మనకు 400 చాలునని తోచినచోట నిజమునకు 1300 కావలసియుండవచ్చును. పది కొలతలతో సర్వము తెలిసినదనుకొన్నవాడు ఏమియు తెలియనివానికంటె ప్రమాదములో నున్నాడు.

వేరొక పనికి మాత్రము కొలదిమంది చాలుదురు. ఒక ప్రశ్నపత్రమునందలి ప్రశ్న యొకటి పదిమందిలో ఒకనికి అపార్థమగుచున్నదనుకొందము. దానిని పదిమందిని మాత్రమే అడిగి చూచినచో, ఆ లోపము ఒక్కసారియు బయటపడకపోవుటకు నూటికి 35 పాళ్లు అవకాశమున్నది. ముప్పదిమందిని అడిగినచో ఆ అవకాశము నూటికి నాలుగు పాళ్లకు దిగిపోవును. ముప్పదిమంది ఒక వీథివారు. ఒక ఉదయము పని. ఆ ఒక ఉదయమును మిగుల్చుకొనబోయి, లక్షమందిని తప్పు ప్రశ్న అడుగుట ఏమి పొదుపు?

తప్పు ప్రశ్న ఎట్లుండునో చెప్పెదను. 'మీరేమి పని చేయుదురమ్మా' యని పల్లెలోని స్త్రీ నడిగిన, 'నాకు పనేముంది నాయనా, ఇంట్లోనే ఉంటాను' అని సమాధానము చెప్పును. ఆమె తెల్లవారకమునుపే పాడి చూచుకొన్నది, నాట్లకో కలుపునకో పోయి వచ్చినది, అయినను ఆమె దృష్టిలో పని యనగా జీతముగల ఉద్యోగము. పత్రమున 'పని లేదు' అని నమోదగును. ఇట్టి ప్రశ్నను వీథిలో నాలుగిండ్లు తిరిగి చూచినవాడు, ఆ సాయంకాలమే కొట్టివేసి, 'నిన్న ప్రొద్దుటినుండి రాత్రివరకు ఏమేమి చేసితిరి' అని తిరిగి వ్రాసికొనును. అట్లే కొలతలు. కుంచము, మానిక, సోల అను మాటలు తెలుగునాట ఎల్లెడల వినబడినను, ఒక తావు కుంచము మరియొక తావు కుంచముతో సరితూగెడిది కాదు. ఆ సంగతి తెలియక ధాన్యమును కుంచములలో వ్రాసికొని వచ్చినవాని కాగితములు కట్టెలపొయ్యికి తప్ప ఎందుకును పనికిరావు. 1950లో మహలనోబిస్ ప్రోద్బలముతో జాతీయ నమూనా సర్వే ఆరంభమై, దేశమంతట ఇండ్ల లెక్కలు సేకరించునప్పుడు, ఇన్ని భాషలు ఇన్ని కొలతలు గల దేశమున ఈ జాగ్రత్తలు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. మన జనాభా లెక్కలకు ముందును కొన్ని ఎన్నుకొన్న ప్రదేశములలో ముందుపరీక్ష జరుపు ఆచారము కలదు.

చిన్న పరీక్ష విజయవంతమగుట కూడ ఒక్కొక్కప్పుడు అపాయకరమే. 1948లో నేటి ఉత్తరప్రదేశములోని ఇటావా జిల్లాలో, మహేవా కేంద్రముగా 64 గ్రామములతో, గ్రామాభివృద్ధికై ఒక పైలట్ పథకము మొదలైనది. దానికి రూపకల్పన చేసినవాడు న్యూయార్కు నగరపు వాస్తుశిల్పి ఆల్బర్ట్ మేయర్. జవహర్లాల్ నెహ్రూ ప్రోత్సాహము దానికి కలదు. మెరుగైన విత్తనములు, పచ్చిరొట్ట ఎరువు, రైతుతో కూర్చుండి మాటలాడు గ్రామసేవకుడు, ఇవి దాని సాధనములు. ఫలితములు ఉత్సాహకరముగా నుండెను. ఆ ఉత్సాహముతోనే 1952 అక్టోబరు 2వ తేదీన దేశమున 55 చోట్ల సమాజాభివృద్ధి పథకములు ప్రారంభమైనవి. వానిని మరింత విస్తరింపజేయుటకై మరుసటి యేడే జాతీయ విస్తరణ సేవ మొదలైనది. 1957లో బల్వంతరాయ్ మెహతా అధ్యక్షతను ఏర్పడిన సంఘము విచారించి, ప్రజలు పథకమును తమదిగా స్వీకరింపలేదనియు, స్థానికముగా ఎన్నికైన సంస్థలు లేనిదే అది సాధ్యము కాదనియు తేల్చెను. పంచాయతీరాజ్యమునకు త్రోవ తీసినది ఆ నివేదికయే.

ఇటావా నిష్ఫలమైనదని నేననుటలేదు. అచ్చట జరిగినది నిజము. కాని అచ్చట ఏరికోరి నియమించిన మనుష్యులుండిరి, పైనుండి చూచు కన్ను ఎడతెగక ఉండెను, తప్పు జరిగిన వెంటనే దిద్దుకొను వెసులుబాటు ఉండెను. ఈ మూడును 55 తావులకు, తరువాత వందల తావులకు కొనిపోదగినవేనా యని ఇటావాను అడుగవలసియుండెను. విత్తనము మొలచునా యని అడిగిరి. పైనుండి చూచువాడు లేనప్పుడును మొలచునా యని అడుగలేదు. చిన్న పరీక్షను సామాన్యులైన ఉద్యోగులతో, సామాన్యమైన వేతనముతో, సామాన్యమైన జాప్యములతో జరిపిననే అది రేపటి పెద్దపనికి అద్దమగునని నా దృఢమైన అభిప్రాయము.

వైద్యపరిశోధనలో ఈ పొరపాటు వేరు రూపున కనబడును. ఇరువదిమంది రోగులకు ఒక మందు నిచ్చి, పన్నెండుమందికి గుణము కనిపించినంతనే 'ఫలించినది' అని ప్రకటించుటయు, ఎనమండ్రకే కనిపించినచో మందును పారవేయుటయు ఒకే దోషమునకు రెండు ముఖములు. ఇరువదిమందిలో నలుగురి తేడా అదృష్టవశమున రాదగినది. ఆ ఇరువదిమందిని అడుగవలసిన ప్రశ్నలు వేరు: పరీక్షకు పిలిచినవారిలో ఎందరు సమ్మతించిరి? మందును చివరివరకు ఎందరు మ్రింగిరి? మరల పరీక్షకు రమ్మన్ననాడు ఎందరు వచ్చిరి, రానివారు బస్సు ఖర్చులు లేకనా, కూలి పోవుననియా? వైద్యపరీక్షల నివేదికలు ఎట్లుండవలెనో తెలుపు కన్సార్ట్ అను అంతర్జాతీయ నియమావళికి 2016లో పైలట్ పరీక్షలకై ప్రత్యేకముగా ఒక విస్తరణము వెలువడినది. పెద్ద పరీక్ష సాధ్యమా కాదా యని తేల్చుటయే పైలట్ పరీక్ష లక్ష్యమనియు, ముందునకు సాగుట ఎప్పుడు, ఆగుట ఎప్పుడు అను గీతలను మొదటనే గీసికొనవలెననియు దాని సారాంశము. ముందు గీత గీయనివాడు, ఫలితము ఎట్లు వచ్చినను ముందునకే సాగును, మనుష్యస్వభావ మట్టిది.

వంగరాష్ట్రమంతటి జనపనార సర్వే జరిగిన ఆ 1941వ సంవత్సరముననే, వాల్తేరు ఆంధ్రవిశ్వకళాపరిషత్తున గణితము చదివిన ఒక తెలుగు యువకుడు ఉద్యోగము వెదకికొనుచు కలకత్తాకు పోయి, మహలనోబిస్ సంస్థలో శిక్షణకు చేరెను. ఆయనయే కల్యంపూడి రాధాకృష్ణారావు. నాలుగేండ్లలో, అనగా 1945లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున, ఉన్న సమాచారమునుండి ఒక అంచనా ఎంతవరకు కచ్చితము కాగలదో, దాని హద్దు ఎచ్చటనో తెలుపు సూత్రమును ఆయన కనుగొనెను. ప్రపంచమున ఏ గణాంకశాస్త్ర పాఠ్యగ్రంథము తెరచినను ఆయన పేరు అందు కనబడును. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమును అందుకొని, ఆ యేడే నూటరెండేండ్ల వయస్సున కీర్తిశేషుడయ్యెను. పొలముగట్లమీద పరిశీలకుల అడుగులు లెక్కించుచుండిన సంస్థలోనే ఇంతటి సూక్ష్మగణితము పుట్టుట తెలుగువారు గర్వముతో తలచుకొనదగిన సంగతి.

నేటి మన విశ్వవిద్యాలయములలోని యువపరిశోధకులకు ఒక మనవి. మీరు సిద్ధాంతగ్రంథము వ్రాయునప్పుడు, ముందుపరీక్ష జరిపితిమని ఒక్క వాక్యము వ్రాసి విడువకుడు. అందులో ఏ ప్రశ్న చెడినది, ఎవరు సమాధానము చెప్పనొల్లరైరి, ఏ కొలత మార్చుకొంటిరి అనునది పుటలకొలది వ్రాయుడు. మీ తరువాత అదే ఊరికి పోవువానికి మీ ముగింపు అధ్యాయముకంటె ఆ పుటలే ఎక్కువగా ఉపకరించును.

పాఠకులకును ఒక మనవి కలదు. ఏనాడైనను మీ గుమ్మము ముందు ఒక యువకుడో యువతియో కాగితములు పట్టుకొని నిలిచి, 'ఇది అసలు సర్వే కాదండీ, ముందుగా చేసి చూస్తున్నాము' అనినచో, అట్లయిన మాకు తీరిక లేదని తలుపు మూయకుడు. కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి, అర్థమైన ప్రశ్నకు బదులు చెప్పుడు. అర్థముకాని ప్రశ్నను అర్థము కాలేదని మొగమాటము లేక చెప్పుడు. ఆ మాట వినుటకే వారు మీ యింటికి వచ్చినారు.